డోనర్ ఎగ్‌తో పుట్టే బిడ్డకి నేనేమవుతాను అక్కా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని పక్కన పెట్టుకున్నాను. రెండు బెంగళూరు నుంచి, రెండు చెన్నై నుంచి. నాలుగూ డోనర్ ఎగ్ గురించే, అంటే వేరే స్త్రీ ఇచ్చిన అండంతో ఐవీఎఫ్ చేయించుకోవడం గురించే. ఒకరు తీసుకోబోయే ఆవిడ, ఒకరు భర్త, ఒకరు ఇవ్వబోయే అమ్మాయి, ఒకరు అమ్మమ్మ కాబోతున్నావిడ. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. వేరే ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి, ఈసారి చోటంతా వీళ్ళకే.

ప్రశ్న: అక్కా, నాకు 37. మాది అనంతపురం వైపు. పదకొండేళ్లుగా బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాం, ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే. పెళ్ళయి తొమ్మిదేళ్లు. ఐవీఎఫ్ రెండుసార్లు అయింది. మొదటిసారి మూడు ఎగ్స్ వచ్చాయి, ఒక్క ఎంబ్రియో (పిండం) అయింది, నిలవలేదు. రెండోసారి వచ్చింది ఒక్కటే ఎగ్, అది ఎంబ్రియో కూడా కాలేదు. అండాల నిల్వ చూసే రక్తపరీక్షలో నా ఎఎంహెచ్ 0.3. ఇక సెల్ఫ్ ఎగ్స్‌తో కష్టం, డోనర్‌కి వెళ్ళండి అన్నారు డాక్టర్ గారు. మా ఆయన అక్కడికక్కడే సరే అనేశారు. నాకు అదే గుచ్చుకుంది. ఆయనకేం, పుట్టే బిడ్డ ఆయన రక్తమే. మధ్యలో నేనెవరిని? తొమ్మిది నెలలు అద్దె ఇల్లులా ఉండటానికా? ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు క్యాబ్‌లో ఏడ్చుకుని, ఇంటికొచ్చి మామూలుగా ఉంటున్నాను. మా అత్తగారికి తెలిస్తే ఏమంటారో అని ఒక టెన్షన్. పుట్టాక ఆ బిడ్డకి చెప్పాలా? ఎవరికీ తెలియకుండా దాచేస్తే గొడవే ఉండదు కదా?

జవాబు: చెల్లీ, క్యాబ్‌లో ఏడుపు గురించి ముందు మాట్లాడదాం. ఇది తొందరపడి ఆపుకోవాల్సిన ఏడుపు కాదు. మీ అమ్మ కళ్ళు, మీ నాన్న నవ్వు, మీ చేతివేళ్ళు ఉన్న ఒక పాపని మీరు తొమ్మిదేళ్లుగా మనసులో పెంచుకున్నారు. ఆ పాప రాదని చెప్పారు. అది నిజంగా పోగొట్టుకోవడమే. ఎవరూ చావలేదు కాబట్టి పరామర్శించడానికి కూడా ఎవరూ రారు, వారం తిరక్కుండానే ఇంకో ప్యాకేజీ కాగితం చేతిలో పెడతారు. డోనర్ అన్న మాట విన్న రోజుకీ సంతకం పెట్టే రోజుకీ మధ్య కొన్ని నెలలు గడిస్తే మంచిదని, కౌన్సెలర్‌ని కదా, నా దగ్గరికొచ్చే అందరికీ చెప్తాను. చట్ట ప్రకారం దంపతుల్లో స్త్రీకి 50 ఏళ్లు, మగవాళ్ళకి 55 ఏళ్లు దాటకూడదు. మీకు ఇంకా టైముంది. గర్భం మోయడానికి వయసు తక్కువుంటేనే మేలు, ఆ మాట నిజమే, కానీ మూడు నాలుగు నెలల్లో మునిగిపోయేదేమీ లేదు.

మీ ఆయన గురించి నాకు తెలిసింది మీరు రాసిన ఒక్క వాక్యమే. కానీ ఇలా వెంటనే సరే అన్న మగవాళ్ళని చాలామందిని చూశాను. మీరు ఇంకో ఇంజెక్షన్ పొడుచుకోవడం చూడలేక సరే అన్నవాళ్ళే వాళ్ళలో ఎక్కువ. ఆయన మాత్రం ఆ సంగతి మీతో చెప్పలేదు, మీరేమో అడగలేదు. ఆదివారం ఇద్దరే ఉన్నప్పుడు ఫోన్లు పక్కన పెట్టి అడగండి, ‘నీకు అంత తేలిగ్గా ఎలా వచ్చింది ఆ మాట’ అని. కోపంగా అడిగినా ఫర్వాలేదు. ఆ జవాబు వినకుండా మాత్రం ముందుకు వెళ్ళకండి.

ఇక రిపోర్టు సంగతి. ఎఎంహెచ్ అనేది అండాలు ఎన్ని మిగిలాయో చెప్పే లెక్క, అవి ఎలాంటివో అది చెప్పదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే పది ఇరవై లక్షల అండాలతో పుడుతుంది, పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, ఆ తర్వాత తగ్గడమే తప్ప కొత్తవి తయారవ్వవు. కొందరికి ఆ తగ్గడం తొందరగా జరుగుతుంది. మీరేదో తిన్నందుకో తిననందుకో, పెళ్ళి ఆలస్యమైనందుకో అని ఎవరైనా అంటే వినొద్దు. 37 ఏళ్లకి 0.3, రెండు ఐవీఎఫ్ సైకిళ్ళలో, అంటే రెండు ప్రయత్నాల్లో, కలిపి నాలుగు ఎగ్స్ అంటే మీ డాక్టర్ చెప్పింది తీసిపారేసే మాట కాదు. అయినా ఫైలు మొత్తం పట్టుకుని, ఆ ఆసుపత్రితో సంబంధం లేని ఇంకో డాక్టర్‌కి ఒకసారి చూపించండి. మొదటి ఐవీఎఫ్ ఫెయిలవగానే డోనర్ అనేసే చోట్లు ఉన్నాయి. డోనర్‌తో వాళ్ళ సక్సెస్ లెక్క బాగా కనిపిస్తుంది మరి. మీ విషయంలో అలా జరిగిందని అనను, కానీ ఇంకొకరు కూడా అదే మాట చెప్తే మీ మనసులో ‘ఇంకొక్కసారి ట్రై చేసుంటే’ అన్న ముల్లు మిగలదు.

డోనర్ సైకిల్‌లో మీ వంతు ఏమిటో కూడా చెప్తాను, ఎందుకంటే అద్దె ఇల్లు అన్న మాట అక్కడే వీగిపోతుంది. అండం ఆవిడది, వీర్యం మీ ఆయనది, రెండూ ల్యాబులో కలుస్తాయి. ఈలోగా మీరు పీరియడ్ రెండో రోజు నుంచో మూడో రోజు నుంచో ఈస్ట్రోజన్ మాత్రలు వేసుకుంటారు. గర్భాశయం లోపలి పొర ఏడెనిమిది మిల్లీమీటర్లు దాటిందా అని స్కాన్‌లో చూస్తారు. దాటాక ప్రొజెస్టెరాన్ మొదలుపెడతారు, నూనె ఇంజెక్షన్ అయితే నడుము కింద గడ్డ కట్టినట్టు నొప్పి, వేడి కాపడం పెట్టుకోవాలి. అయిదు రోజుల పిండాన్ని మత్తు లేకుండా, సన్నటి గొట్టంతో లోపల పెడతారు. అప్పుడు నిండా నీళ్ళు తాగి ఉంటారు, మూత్రం ఆపుకుని ఉంటారు, ఆ అవస్థలో కూడా అందరూ తల తిప్పి స్క్రీన్ వైపే చూస్తారు. ఒక తెల్లటి చుక్క మెరిసినట్టు కనిపిస్తుంది. నిజానికి అది పిండంతో పాటు వెళ్ళే గాలి బుడగ, పిండం కంటికి కనపడదు. ఆ సంగతి ముందే చెప్పినా సరే, నేను చూసిన ఒకావిడ ఆ ప్రింటు కాగితాన్ని కర్చీఫ్‌లో మడిచి బ్యాగ్ లోపలి జిప్పులో పెట్టుకుంది. రెండు వారాలకి బీటా టెస్ట్, గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష. నిలిస్తే పది పన్నెండు వారాల దాకా ఆ మందులే. తర్వాత ఆ బిడ్డ ఎముక, కండ, మెదడు అన్నీ మీరు తిన్న అన్నంతో, మీ రక్తం మోసుకెళ్ళిన దానితోనే పెరుగుతాయి. బిడ్డ కణాలు కొన్ని తల్లి శరీరంలోకి చేరి, దశాబ్దాల తర్వాత కూడా అక్కడే ఉన్నట్టు శాస్త్రవేత్తలు చూశారు. పాలు కూడా మామూలుగానే పడతాయి.

జన్యువులు మాత్రం మీవి కావు. కడుపులో పెరిగే వాతావరణం జన్యువులు పనిచేసే తీరుని కొంత మారుస్తుందని చెప్పి, పోలికలు కూడా మీవే వచ్చేస్తాయన్నట్టు మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఆ ఓదార్పు మీకు వద్దు. సగం మీ ఆయనవి, సగం ఆవిడవి. ఆ నిజాన్ని చేతిలో పెట్టుకుని కూడా నేను తల్లిని అనగలనా అన్నదే మీ ప్రశ్న.

మన భాషలో కన్నతల్లి, పెంచినతల్లి అని రెండు మాటలున్నాయి. చాలామంది డోనర్ ఎగ్ అనగానే తమని తాము పెంచినతల్లి లెక్కలో వేసుకుంటారు, దాతని కన్నతల్లి చేసేస్తారు. కనడం అంటే ఏమిటి చెల్లీ? నొప్పులు పడి కనేది ఎవరు? మీరే. అండం ఇచ్చినావిడకి మన భాషలో ఇంకా పేరు లేదు, దాత అనుకుందాం, ఆవిడ మీద గౌరవంతోనే. చట్టం కూడా అదే అంటోంది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం, అందరూ ఏఆర్‌టీ చట్టం అంటారు, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే, ఆస్తి హక్కులతో సహా. దాతకి బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు. బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు మీది. దత్తత కాగితాలేవీ అక్కర్లేదు. ఆఫీసులో 26 వారాల ప్రసూతి సెలవు మామూలుగానే వస్తుంది, ఎలా గర్భం వచ్చిందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దాచడం గురించి. ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట నేను కూడా ‘ఎవరికీ చెప్పకండి, పాపకి అసలే వద్దు’ అనే చెప్పేదాన్ని. అప్పట్లో కౌన్సెలర్లం చాలామందిమి అలాగే చెప్పేవాళ్ళం. అలా నా మాట విని వెళ్ళిన ఒక జంట కూతురు పదో తరగతిలో ఉండగా, బ్లడ్ గ్రూపుల పాఠం చదివి ఇంటికొచ్చింది. స్కూలు ఐడీ కార్డు వెనక తనది ఏబీ పాజిటివ్. అమ్మ డ్రైవింగ్ లైసెన్స్ మీద ఓ పాజిటివ్. ఓ గ్రూపు తల్లికి ఏబీ బిడ్డ పుట్టదని ఆ రోజే టీచర్ చెప్పింది. ఆ పిల్ల రెండు కార్డులూ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, ‘నన్ను ఎక్కడ్నుంచి తెచ్చుకున్నారు’ అని అడిగింది. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి చెప్పిన ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అండం వేరేవాళ్ళది అన్నదానికి ఆ పిల్ల అంతగా బాధపడలేదు. పదిహేనేళ్లు అమ్మానాన్నా కలిసి తన దగ్గర దాచారని తట్టుకోలేకపోయింది. మళ్ళీ మాట్లాడుకోవడానికి వాళ్ళకి రెండేళ్లు పట్టింది. ఆ రోజు నుంచి నేను ఆ సలహా ఇవ్వడం మానేశాను.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కేంబ్రిడ్జ్‌లో సుసాన్ గోలంబాక్ అనే ప్రొఫెసర్ బృందం దాతల సాయంతో, సరోగసీతో పుట్టిన పిల్లల కుటుంబాలని పసితనం నుంచి ఇరవై ఏళ్లు వచ్చేదాకా గమనించింది. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. పిల్లలు మామూలు పిల్లల్లాగే బాగున్నారు. ఏడేళ్ల లోపే తెలిసిన పిల్లలకి తల్లితో సంబంధం ఇంకా మెరుగ్గా ఉంది. ఇంగ్లండ్‌లో 2005 ఏప్రిల్ తర్వాత నమోదైన దాతల వివరాలని 18 నిండిన పిల్లలు అడిగి తెలుసుకోవచ్చు. మన దగ్గర దాత పేరు చెప్పరు. కానీ ఇంట్లో కూర్చుని డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకునే రోజులు వచ్చేశాయి. రేపు మీ బిడ్డకి ఇరవై ఏళ్లు వచ్చేసరికి దాచిపెట్టే దారే ఉండకపోవచ్చు.

కాబట్టి నా మాట ఇదే. బిడ్డకి చెప్పగలం అని మీ ఇద్దరికీ గట్టిగా అనిపించాకే సంతకం పెట్టండి. పిండాన్ని లోపల పెట్టే ముందు వరకూ వద్దనుకునే హక్కు చట్టం మీకిచ్చింది. చెప్పడమంటే పదహారో ఏట హాల్లో కూర్చోబెట్టి రహస్యం విప్పడం కాదు. మూడేళ్లప్పుడు, నాలుగేళ్లప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు కథలా. నాకు తెలిసిన ఒక అయిదేళ్ల బాబు ఉన్నాడు, ఇక్కడే జయనగర్‌లో. బంతి మొక్కలకి నీళ్ళు పోస్తూ నాతో అన్నాడు, ‘అమ్మ దగ్గర విత్తనాలు అయిపోయాయంట, ఒక ఆంటీ ఒకటి ఇచ్చిందంట, అమ్మ పొట్టలో వేస్తే నేను మొలిచానంట’. చెప్పేసి మళ్ళీ నీళ్ళు పోసుకుంటూ వెళ్ళిపోయాడు. వాడికి అదొక పెద్ద విషయం కాదు.

అత్తగారికి చెప్పాలా అంటే, అది వేరే సంగతి. బిడ్డ గురించిన నిజం బిడ్డది. అది తనకి దక్కాలి. చుట్టాలకి దాని మీద హక్కు లేదు. మీరు చెప్పకపోతే అది అబద్ధం కిందికి రాదు. కానీ బిడ్డకి చెప్తే ఏదో ఒకరోజు అది నానమ్మ ముందు నోరు జారుతుంది, ఆ రోజు కోసం మీ ఆయన సిద్ధంగా ఉండాలి. వాళ్ళమ్మకి జవాబు చెప్పాల్సింది ఆయనే, మీరు కాదు. ఈ ఒప్పందం కూడా ఆ ఆదివారమే చేసుకోండి.

ఒక్కరికి మాత్రం దాచకండి, మీ గైనకాలజిస్ట్‌కి. ఐవీఎఫ్ ఒక చోట, కాన్పు ఇంకో చోట అయినప్పుడు చాలామంది సిగ్గుపడి చెప్పరు. డోనర్ అండంతో వచ్చే గర్భాల్లో బీపీ పెరిగే ప్రమాదం కాస్త ఎక్కువ, వాళ్ళు ముందు నుంచే జాగ్రత్తపడాలి. ఇంకోటి, మూడో నెలలో చేసే డబుల్ మార్కర్ పరీక్షలో తల్లి వయసు వేసి, బిడ్డకి డౌన్ సిండ్రోమ్ లాంటి లోపాలు ఉండే రిస్కు లెక్కకడతారు. అక్కడ వేయాల్సింది దాత వయసు. మీ 37 వేస్తే రిస్కు లేనిపోని ఎక్కువ చూపించి, అక్కర్లేని పరీక్షలకీ నిద్రలేని రాత్రులకీ దారితీస్తుంది.

ప్రశ్న: మేడమ్, మేము చెన్నైలో అంబత్తూరు దగ్గర ఉంటాం, మాది నెల్లూరు. మా ఆవిడకి డోనర్ ఎగ్ కావాలన్నారు. వాళ్ళ చెల్లెలే ఇస్తానంటోంది, ఇద్దరు పిల్లలున్నారు ఆమెకి. అదైతే మా ఆవిడ పోలికలు కూడా వస్తాయి కదా? బయటి డోనర్ అయితే మా అమ్మకి ఒకటే బెంగ, ఏ కులమో, గోత్రం ఏమవుతుందో అని. క్లినిక్ వాళ్ళు చెల్లెలిది కుదరదంటున్నారు. ఇంకో చోట ప్రయత్నించమంటారా?

జవాబు: ఇంకో చోటికి వెళ్ళకండి. కుదరదన్న క్లినిక్ సరిగ్గానే చెప్పింది. దాతని తెచ్చి, పరీక్షలు చేసి, రికార్డు పెట్టాల్సింది రిజిస్టర్ అయిన ఏఆర్‌టీ బ్యాంకు. దాత ఎవరో మీకు తెలియదు, మీరెవరో ఆమెకి తెలియదు, ఒక దాత అండాలు ఒక్క జంటకే. ‘మేం చూసుకుంటాం సార్’ అనే చోటు కనిపించిందంటే, అక్కడ ఇంకా ఏమేం చూసుకుంటున్నారో అని అనుమానించండి. క్లినిక్‌కీ బ్యాంకుకీ విడివిడిగా రిజిస్ట్రేషన్ నంబర్లు ఉంటాయి, రెండూ అడిగి రాసుకోండి. బిల్లులో దేనికెంతో విడివిడిగా రాయించుకోండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు దాతకి తప్పకుండా చేస్తారు. తలసేమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకి క్యారియరా కాదా అన్న రిపోర్టు కూడా అడగండి, మీదీ చూపించండి.

మీ మరదలిది మంచి మనసు. అయినా రేపటి రోజు ఎవరికి తెలుసు? బొంబాయి హైకోర్టు 2024 ఆగస్టులో తీర్పిచ్చిన కేసు ఒకటుంది. అక్కకి చెల్లెలు అండాలిచ్చింది, సరోగసీతో కవల ఆడపిల్లలు పుట్టారు. కొన్నేళ్లకి సంసారం విడిపోయింది, భర్త పిల్లల్ని తీసుకుని వేరే వెళ్ళిపోయాడు, అండాలిచ్చిన చెల్లెలే పిల్లలకి తల్లి అన్న వాదన కోర్టుదాకా వచ్చింది. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు, దాతకి అలాంటి హక్కు లేదంది, అక్కకి పిల్లల్ని కలిసే అనుమతి ఇచ్చింది. చట్టం అక్క పక్కనే నిలబడింది, కానీ ఆ అక్కాచెల్లెళ్ళని మళ్ళీ కలిపే కోర్టు ఎక్కడుంది చెప్పండి.

గోత్రం సంగతి మీ అమ్మగారికి సులువుగానే చెప్పొచ్చు, మన ఆచారంలో అది తండ్రి నుంచే వస్తుంది కాబట్టి దానికేం ఢోకా లేదు. కులం మాట మాత్రం నేను కఠినంగానే చెప్తాను. ముక్కూమొహం తెలియని మీ కోసం పది రోజులు ఇంజెక్షన్లు చేయించుకునే మనిషిని కులం ఏదని అడగొద్దు. వయసు, ఆరోగ్యం, బ్లడ్ గ్రూప్, ఒంటి ఛాయ, ఎత్తు దాకా అడగండి. దాత వయసు ముఖ్యం, ఎందుకంటే డోనర్ సైకిల్ నిలిచే అవకాశం మీ ఆవిడ వయసు కన్నా దాత వయసు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన తూర్పుగోదావరి ఆవిడ కవలల్ని కన్నది డోనర్ అండాలతోనే కదా. ఆ వయసులో చేయడం తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను, ఇప్పుడైతే చట్టం కూడా ఒప్పుకోదు.

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరులో బొమ్మనహళ్లిలో గార్మెంట్స్‌లో పని చేస్తా. 27 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. పోయిన ఏడాది ఒకామె ఆసుపత్రికి తీసుకుపోయి ఎగ్ ఇప్పించింది. డబ్బులు చెప్పినదాంట్లో సగమే ఇచ్చింది. కడుపు ఉబ్బి వారం పనికి పోలేదు. ఇప్పుడు మళ్ళీ ఇయ్యమంటోంది, ఈసారి మా అక్క ఆధార్ తెమ్మంటోంది. సంఘం లోన్ కట్టాలి, పిల్లోడి ఫీజు ఉంది. ఇస్తే ఏమవుతుంది? నా గుడ్లన్నీ అయిపోతాయా? నా బిడ్డ ఎక్కడో పెరుగుతున్నట్టు ఒక్కోసారి కల వస్తుంది.

జవాబు: అమ్మా, మళ్ళీ ఇవ్వొద్దు. అక్క ఆధార్ అసలే వద్దు, రేపు ఏదైనా అయితే ఆ తెచ్చిన ఆమె కనపడకుండా పోతుంది, దొంగ కాగితం పెట్టిన నేరం నీ మీదా మీ అక్క మీదా పడుతుంది. చట్టంలో ఉన్నది ఇది: 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఆడవాళ్ళే ఇవ్వాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకి మించి తీయకూడదు, అమ్మడం కొనడం నేరం. దాత పేరు మీద 12 నెలలు ఇన్సూరెన్స్ చేయించాల్సింది ఆ అండం తీసుకునే జంట. పోయినసారి నీకు అలాంటి కాగితమేదైనా ఇచ్చారా? ఇవ్వలేదంటే నిన్ను మోసం చేశారు.

ఒక్కసారే అని ఎందుకు పెట్టారో నీ ఒంటికే తెలిసింది. పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు వేసి, మామూలుగా నెలకి ఒకటి పండే చోట ఒకేసారి చాలా పండేలా చేస్తారు. తర్వాత మత్తిచ్చి సూదితో తీస్తారు. కొందరికి అండాశయాలు వాచి కడుపులో నీరు చేరుతుంది, ఊపిరి ఆడదు, మూత్రం తగ్గిపోతుంది. అది ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఇంకెప్పుడైనా ఎవరికైనా అలా అయితే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. 2022లో ఈరోడ్‌లో ఏం జరిగిందో విన్నావా? పదహారేళ్ల పిల్లకి దొంగ ఆధార్‌తో వయసు ఎక్కువ చూపించి, సొంతవాళ్ళే పదే పదే అండాలు తీయించారు. దొంగ ఆధార్ అనగానే నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది.

గుడ్లన్నీ అయిపోవు, భయపడకు. ఆ నెలలో ఎలాగూ పాడైపోయే వాటినే మందులతో పండించి తీస్తారు, మిగతావి నీవి నీ దగ్గరే ఉంటాయి. కల గురించి అడిగావు. రాకుండా ఎలా ఉంటుంది? ఆ బిడ్డకి నువ్వు తల్లివి కావు, ఆ బిడ్డని కనిపెంచే ఇల్లు ఒకటుంది. కానీ నువ్వివ్వకపోతే ఆ బిడ్డే లేదు. ఈ పేజీలో పైన ఉత్తరం రాసినావిడ క్యాబ్‌లో ఏడుస్తోంది చూడు, అలాంటి ఒకావిడ ఇంట్లో ఏడుపు ఆగిందేమో నీ వల్ల. ఆ కలని పాపం చేసినట్టు అనుకోవద్దు.

డబ్బుల సంగతికి వస్తే, ఫ్యాక్టరీలో నీ జీతంలోంచి ఈఎస్‌ఐ కట్ అవుతుంటుంది, ఒంట్లో బాగోకపోతే ఆ కార్డుతో చూపించుకో, సెలవు పెట్టిన రోజులకి కొంత డబ్బు కూడా వస్తుంది. పోయినసారి మోసం గురించీ లోన్ వాళ్ళ ఒత్తిడి గురించీ 15100కి ఫోన్ చెయ్యి, అది ఉచిత న్యాయ సహాయం నంబరు, ఆడవాళ్ళకి వకీలుని డబ్బుల్లేకుండా పెడతారు. ఆ ఆసుపత్రి కాగితాలేమున్నా పారేయకు. ఫీజు గురించి స్కూల్లో హెడ్‌మాస్టర్‌ని నేరుగా అడిగి వాయిదాలు పెట్టించుకో, నోరు తెరిచి అడిగితే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. ఆ తీసుకుపోయే ఆమె నీ వెంట పడుతుంటే 181కి చెప్పు, అది ఆడవాళ్ళ సహాయం నంబరు.

ప్రశ్న: నమస్తే అమ్మా. నాకు 62, చెన్నై విల్లివాక్కంలో ఉంటాను. మా అమ్మాయికి అయిదో నెల. డోనర్ అండమని నాకొక్కదానికే చెప్పింది. వచ్చే నెల సీమంతం. వియ్యపురాలు ఇప్పటినుంచే ‘ఎవరి పోలికో చూడాలి, మేనత్త పోలిక అయితే అదృష్టం’ అంటోంది. నేనెక్కడ నోరు జారతానో అని భయం. దేవుడి ముందు చెప్తున్నాను, ఒక్కోసారి నా మనసులో కూడా ఒక మూల, ఇది నా మనవరాలేనా అనిపిస్తుంది. అలా అనిపించినందుకు ఏడుపొస్తోంది.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి భర్త కాకుండా లోకంలో ఒక్కరికి చెప్పుకోవాలనుకుంది, ఆ ఒక్కరు మీరయ్యారు. ఆ మూల అనిపించేది అనిపించనివ్వండి, దాంతో పోట్లాడకండి. నెలలు నిండాక మీరు కాళ్ళు చాపి, పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, శనగపిండితో నలిచి నీళ్ళు పోస్తారు కదా. పదో రోజుకో పదిహేనో రోజుకో ఆ మాట మీకు గుర్తు కూడా ఉండదు. గుర్తొచ్చినా ఫర్వాలేదు, నా దగ్గరికి వచ్చిన అమ్మమ్మలు చాలామంది ఇలాగే మొదలుపెట్టారు.

వియ్యపురాలికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. మేనత్త పోలిక రావచ్చు కూడా, అల్లుడి జన్యువులు అల్లుడివే కదా. ‘ఎవరి పోలికైనా సరే వదినగారూ, నిండు నెలలకి క్షేమంగా వస్తే అంతే చాలు’ అనండి, అది మీ మనసులో మాటే. ‘అచ్చం మా అమ్మాయిలాగే’ అని మాత్రం మీకై మీరు మొదలుపెట్టకండి. రేపు పిల్లకి నిజం తెలిశాక అమ్మమ్మ కూడా నాటకం ఆడిందా అనుకోకూడదు. పిల్లకి ఎప్పుడు చెప్తావని అమ్మాయిని ఒకసారి అడగండి, ఒత్తిడి పెట్టకుండా. తన దగ్గర ఇంకా జవాబు లేకపోతే పైన మారతహళ్లి చెల్లికి రాసింది చదివించండి.

సీమంతం హడావిడిలో అమ్మాయికి బీపీ చూపించడం మర్చిపోవద్దు, కాళ్ళవాపు, తలనొప్పి, కళ్ళు మసకబారడం ఏది కనిపించినా గాజులు తర్వాత, ముందు ఆసుపత్రి. ఇంకొక్క పని. క్లినిక్ వాళ్ళు దాత గురించి పేరు లేకుండా ఇచ్చిన కాగితం ఒకటి ఉంటుంది, వయసు, బ్లడ్ గ్రూపు, పరీక్షల రిపోర్టులు. ఇళ్ళు మారేటప్పుడు పోయేవి ఇలాంటివే. దానికొక జిరాక్స్ తీయించి మీ బీరువాలో, పట్టుచీరల కింద పెట్టి ఉంచండి. పిల్ల పెద్దదై అడిగిన రోజున అది ఎక్కడుందో అమ్మమ్మకి తెలిసుండాలి.